పసుపు గేటు వరకు

(శ్రమదినముల ధ్యానము)

చదువవలసిన వాక్యభాగములు: హెబ్రీ. 12:1–3, 2 తిమోతి 2:5, లూకా 15:11–24, యోహాను 20:1–8



చలి వెనుకకు తగ్గి, ఎండ ఇంకను ముదురని దినములివి. వేపచెట్లు చిగురు తొడుగుచున్నవి. మామిడి పూత పిందెలగుచున్నది. మిరపచేలలో కోతలు సాగుచున్నవి. ఈ దినములలోనే సంఘము ప్రభువు శ్రమలను తలంచుకొనుచు పునరుత్థాన పండుగ వైపునకు ప్రయాణము చేయుచున్నది. అందుచేత ఈ మాసపు ధ్యానమునకు హెబ్రీ పత్రిక పండ్రెండవ అధ్యాయములోని మొదటి మూడు వచనములను తీసికొందము. అక్కడ విశ్వాసి జీవితము ఒక పరుగుతో పోల్చబడినది. అది చిన్నపిల్లలు వీధి చివరవరకు పోటీపడి ఆగిపోవు పరుగు కాదు. బరువు దించుకొని, కాళ్లకు పెనవేసికొను పాపమును విడిచి, యేసు ప్రభువును చూచుచు, ఓర్పుతో కడవరకు సాగించవలసిన దూరపు పరుగు.

అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాసినప్పుడు కూడ పరుగు పందెమునే చూపెను (1 కొరింథీ. 9:24–27). ఆ పట్టణమునకు దగ్గరనే ఇస్త్మియా అను చోట రెండేండ్లకొకసారి గొప్ప ఆటలు జరుగుచుండెను. గెలిచినవాని తలకు ఆకులతో అల్లిన కిరీటము పెట్టుదురు. కొన్నాళ్లకు అది వాడిపోవును. కొరింథువారికి తెలిసిన దానిని చూపి, తెలియని దానిని పౌలు వారికి బోధించెను. నేడు నేను మీకు తెలియని ఒక పరుగును చూపి, మీరు చిన్ననాటనుండి వినుచున్న సంగతులనే మరల జ్ఞాపకము చేయగోరుచున్నాను.

అమెరికా దేశములో టెనెసీ రాష్ట్రమున వార్ట్‌బర్గ్ అను చిన్న ఊరు కలదు. దాని సమీపమున ఫ్రోజెన్ హెడ్ అను కొండయు, ఆ కొండ చుట్టు గొప్ప అడవియు ఉన్నవి. ఆ పేరునకు గడ్డకట్టిన తల అని అర్థము. ఆ అడవిలో 1986వ సంవత్సరమున గ్యారీ కాంట్రెల్ అను నతడు ఒక పరుగు ఏర్పాటు చేసెను. దానికి బార్క్‌లీ మారథాన్స్ అని పేరు. అది ఎక్కువ సంవత్సరములు మార్చి నెలాఖరున గాని ఏప్రిల్ మొదట గాని, అనగా అక్కడ వసంతము అప్పుడే తలయెత్తుచున్న దినములలో జరుగుచు వచ్చినది. అప్పటికి చెట్లకు ఆకులు సరిగా రావు. పగలు ఎండ కాయవచ్చును. అదే రాత్రి నీళ్లు గడ్డకట్టవచ్చును. పొగమంచు దిగినచో చేతి దీపము వెలుగు రెండడుగులు దాటిపోదు.

పరుగెత్తువారు సుమారు 40 మంది. అడవిలో ఐదు చుట్లు తిరుగవలెను. మొత్తము దూరము 100 మైళ్లని, అనగా 160 కిలోమీటర్లని చెప్పుదురు. మన లెక్కలో విజయవాడనుండి బయలుదేరి ఒంగోలు దాటిపోవునంత దూరము. పరుగెత్తినవారు మాత్రము అంతకంటె ఎక్కువే ఉన్నదందురు. ఎక్కిన ఎక్కుడంతయు కూడినచో 60,000 అడుగులు. అనగా ఎవరెస్టు శిఖరమును సముద్రమట్టమునుండి రెండుసార్లు ఎక్కినదానికంటె ఎక్కువ. దానికి ఇచ్చు గడువు 60 గంటలు. బయలుదేరుచోట దారికి అడ్డముగా పసుపురంగు వేసిన ఒక ఇనుప గేటు ఉన్నది. పరుగు మొదలగునది ఆ గేటునొద్దనే. ముగియునదియు ఆ గేటును చేతితో ముట్టినప్పుడే. 2024 వరకు ఐదు చుట్లును గడువులోపల ముగించినవారు 20 మంది మాత్రమే. 2025లో ఒక్కరును ముగింపలేదు. ముగించినవారికి బంగారు పతకము లేదు, ధనము లేదు, కొరింథువారి ఆకు కిరీటము కూడ లేదు.

ఈ పరుగునుండి మనము నేర్చుకొనదగిన పాఠములు కొన్ని ఉన్నవి.

1. పారిపోవు పరుగు వేరు, పిలువబడిన పరుగు వేరు

ఈ పరుగు ఎట్లు పుట్టెనో మొదట వినుడి. ఆ అడవి ప్రక్కనే బ్రషీ మౌంటెన్ అను చెరసాల ఉండెను. 2009లో దానిని మూసివేసిరి. బాప్టిస్టు సంఘ కాపరియు, నల్లజాతివారి హక్కులకొరకు అహింసా మార్గమున పాటుపడినవాడును, 1959లో మన దేశమునకు వచ్చి వెళ్లినవాడునైన మార్టిన్ లూథర్ కింగును మీరెరుగుదురు. ఆయన 1968 ఏప్రిల్ 4న ఆ టెనెసీ రాష్ట్రములోనే మెంఫిస్ పట్టణమున కాల్చి చంపబడెను. ఆ హత్యకు శిక్షపడిన జేమ్స్ ఎర్ల్ రే ఈ చెరసాలలో ఉండెను. 1977 జూన్ 10న అతడు మరికొందరితో గోడ దాటి అడవిలోనికి పారిపోయెను. రెండు దినములకు పైగా ఆ కొండలలో తిరుగులాడెను. 13వ తేదీన కుక్కలు వాసన పట్టి అతనిని కనుగొనునప్పటికి అతడు ఆకుల క్రింద దాగియుండెను. అంత తిరిగినను చెరసాలనుండి అతడు పోయిన దూరము కొన్ని మైళ్లు మాత్రమే. ఈ వార్త విని, అంత సమయములో తానైతే 100 మైళ్లు పోగలనని కాంట్రెల్ అనుకొనెను. ఆ మాటనుండియే ఈ పరుగు పుట్టెను.

ప్రియులారా, అడవి ఒక్కటే, కొండలు ఒక్కటే, ముళ్లు ఒక్కటే. కాని ఒకడు పరుగెత్తినది తప్పించుకొనుటకు. తరువాతివారు పరుగెత్తుచున్నది గేటు చేరుటకు. మానవుని మొదటి పరుగు ఏదెను తోటలో మొదలైనది. ఆదాము పాపము చేసి చెట్లచాటునకు పోయెను, ఆకులు కుట్టుకొని కప్పుకొనెను (ఆది. 3:7–8). ఆకుల క్రింద దాగుట మనుష్యునికి నాటినుండి నేటివరకు అలవాటే. యోనా నీనెవెకు పొమ్మనినప్పుడు తర్షీషునకు ఓడ ఎక్కెను. ఎంత పోయినను దేవుని సన్నిధి అతనిని విడువలేదు.

మనము కూడ ఎంతో ఆయాసపడుచున్నాము. అప్పులవానికి కనబడకుండ ఒకడు ప్రక్క సందులోనుండి పోవును. అన్నదమ్ములతో తగవు వచ్చి, వారున్న గుడికి రానని మరియొకడు ఆదివారము చేనికి పోవును. మనసులోని మాట వినబడకుండ పొద్దుపోవువరకు ఫోను చూచుచు కూర్చుండువారును కలరు. ఇవన్నియు పరుగులే. కాళ్లు నొప్పి పెట్టును గాని ఊరు చేరము. నీవు దేనినుండి పరుగెత్తుచున్నావో ఈ శ్రమదినములలో నిన్ను నీవే అడుగుము. ఆగి, వెనుకకు తిరిగి, నిన్ను పిలుచుచున్నవానివైపు మొగము పెట్టుము. మారుమనస్సు అనగా అదియే. కాళ్లు అవియే, దిక్కు మాత్రము మారును.

2. పటమును ఎవరిది వారే వ్రాసికొనవలెను

ఆ అడవిలో దారి చూపు పలకలు, జెండాలు ఉండవు. దారి చెప్పు ఫోనులను తీసికొనిపోనీయరు. పరుగునకు ముందు గుడారములయొద్ద ఒక బల్లమీద ఒక్క పటము పెట్టుదురు. దానిమీద ఆ సంవత్సరపు దారి గీయబడియుండును. ప్రతివాడును వచ్చి, దానిని చూచి, తన పటముమీద తన చేతితో గీసికొనవలెను. తరువాత చేతిలో ఆ పటము, ఒక దిక్సూచి, దారిని గూర్చి వ్రాసియిచ్చిన కాగితములు మాత్రమే. ప్రక్కవాడు సరిగా గీసికొనెను గదా అని ఊరకుండినవాడు రాత్రి మంచులో ప్రక్కవానిని విడిపోయిన తోడనే దారి తప్పును.

ఇశ్రాయేలు రాజును గూర్చి ధర్మశాస్త్రము ఏమి ఆజ్ఞాపించినదో ద్వితీయోపదేశకాండము 17:18–19లో చదువుడి. రాజు సింహాసనమెక్కినప్పుడు యాజకులయొద్దనున్న ధర్మశాస్త్రమునకు తనకొరకు ఒక ప్రతి వ్రాసికొని, దానిని తనయొద్ద ఉంచుకొని, బ్రదికిన దినములన్నియు చదువవలెను. యాజకునియొద్ద ఉన్నది గదా, నాకెందుకు అని రాజు అనకూడదు.

మన సంఘములలో ఇది గొప్ప లోపముగా కనబడుచున్నది. బైబిలు పాస్టరుగారియొద్ద ఉన్నది. బైబిలు స్త్రీయొద్ద ఉన్నది. గోడమీది వాక్యపు క్యాలెండరులో ఉన్నది. నీ హృదయములో వ్రాసికొనినది ఎంత? చదువురాని అవ్వలు విని విని కీర్తనలు కంఠస్థము చేసికొని, పొయ్యిదగ్గర పాడుకొనుచుందురు. వారి పటము వారియొద్దనే ఉన్నది. పట్టణములో పెద్ద చదువు చదివిన బిడ్డలు ఆదివారము ప్రసంగము అయిపోగానే దానిని గుడిలోనే విడిచిపోవుచున్నారు. మంచు దిగిన రాత్రి, అనగా వ్యాధి వచ్చినప్పుడు, వాన కురియనప్పుడు, బిడ్డ మాట విననప్పుడు, నీవు వ్రాసికొనిన వాక్యమే నీకు దారి చూపును.

3. ప్రతి స్థలమునందును నీ పుట ఉన్నది

ఈ పరుగులోని మరియొక ఏర్పాటు అన్నిటికంటె మనకు ఉపయోగకరమైనది. అడవిలో చెట్టు తొఱ్ఱలలోను, రాళ్లక్రిందను అక్కడక్కడ కొన్ని పుస్తకములు దాచియుంచుదురు. ప్రతి చుట్టు బయలుదేరునప్పుడు పరుగెత్తువానికి ఒక అంకె ఇత్తురు. అతడు ప్రతి పుస్తకమును కనుగొని, తన అంకెగల పుటను చింపి తీసికొనిరావలెను. గేటునొద్దకు వచ్చినప్పుడు పుటలు లెక్కపెట్టుదురు. ఒక్కటి తక్కువైనను ఆ చుట్టు చెల్లదు. మరుసటి చుట్టునకు క్రొత్త అంకె, క్రొత్త పుటలు. నిన్నటి పుట నేటికి పనికిరాదు.

ఎంత వేగముగా వచ్చితివని కాదు గేటునొద్ద మొదట చూచునది. వెళ్లవలసిన ప్రతిచోటికి వెళ్లితివా? నీ పుట తెచ్చితివా? ఆ పుస్తకములలో కొన్ని ముళ్లపొదలు నిండిన నిటారు కొండల మీదుగా పోయినగాని దొరకవు. మూయబడిన ఆ చెరసాల క్రింద నీరు పారు చీకటి సొరంగమును కూడ పరుగెత్తువారు దాటిపోవలెను. చక్కని బాటన ఉన్నవి మాత్రమే తెచ్చెదనన్నచో కుదరదు.

మిరపకోతకు పోవు మన స్త్రీలకు ఇది చెప్పకయే తెలియును. చేనిలో ఎవరి సాలు వారిది. ఒకతె చేతికందిన కాయలు కోసికొని, క్రింది కొమ్మలవి వదలి, అందరికంటె ముందు గట్టు చేరవచ్చును. చూచువారు మొదట మెచ్చుకొందురు. కాని రైతు సాలువెంట నడచి వచ్చినప్పుడు చెట్లకు మిగిలిన ఎఱ్ఱని కాయలు ఆమెను గూర్చి మాటలాడును. వెనుకపడి వచ్చినను సాలు శుభ్రముగా కోసికొనివచ్చినదానికి సిగ్గులేదు.

దేవుడు మనలో ఎవరికి ఏ చోటున పుట ఉంచెనో ఆయనకు తెలియును. పక్షవాతముతో మంచముపట్టిన భర్తకు అన్నము తినిపించుచు ఏండ్లు గడుపుచున్న తల్లీ, నీవు స్త్రీల సమాజములో పాటలు పాడలేకపోవుచున్నానని దుఃఖించుచున్నావు. నీ పుట ఆ మంచమునొద్దనే ఉన్నది. వలసకూలికి వెళ్లి, పరాయి ఊరిలో పరదాల గుడిసెలో ఉండి, పనివారందరు తిట్టుకొనుచున్నచోట నోరు కాచుకొనుచున్న సహోదరుడా, నీ పుట అక్కడ ఉన్నది. తమ్ముని భూమిలోనికి జరిగిన గట్టును మరల వెనుకకు జరుపవలసిన పెద్దమనిషీ, నీ పుట ఆ గట్టుమీద ఉన్నది. దానిని విడిచి సంఘమునకు మైకు కొనియిచ్చినంతమాత్రమున లెక్క సరిపోదు. అది వేరొకని పుట.

ఇశ్రాయేలీయులు అరణ్యములో మన్నాను ఏనాటికానాడు ఏరుకొనిరి, మిగిల్చినది పురుగుపట్టెను (నిర్గమ. 16:19–21). పది సంవత్సరముల క్రిందట నేను ఉపవాసముండితిని, గుడి కట్టినప్పుడు రాళ్లు మోసితిని అని చెప్పుకొనుచు నేడు ఖాళీచేతులతో నిలువకూడదు. నేటి అంకెకు నేటి పుట కావలెను.

4. ఆరు సెకండ్లు

2017వ సంవత్సరమున గ్యారీ రాబిన్స్ అను కెనడా దేశస్థుడు ఐదవ చుట్టువరకు వచ్చెను. కడపటి పుస్తకమునొద్దకు కూడ చేరి పుట తీసికొనెను. ఇక గేటు చేరుటయే మిగిలియుండెను. అప్పుడు దట్టమైన పొగమంచులో అతడు దారి తప్పి కొండకు వేరొక ప్రక్కను దిగిపోయెను. ఒక ఏరు దాటి, ఉన్న బలమంతయు కూడదీసికొని పరుగెత్తివచ్చి గేటును ముట్టి నేలపడెను. గడువు దాటి ఆరు సెకండ్లు అయ్యెను. అతనియొద్ద పుటలన్నియు ఉండెను. చూచినవారికి కన్నీళ్లు వచ్చెను.

ఆరు సెకండ్లకొరకు ఇంత కఠినమా అని లోకమంతయు అడిగెను. అయితే కాంట్రెల్ తరువాత అసలు సంగతిని విప్పి చెప్పెను. అతడు దారి తప్పినందున రెండు మైళ్ల దూరము నడువవలసిన దారిని నడువలేదు. రావలసిన దిక్కునుండి గాక వేరొక దిక్కునుండి వచ్చెను. కనుక గడువులోపల ముట్టినను అది చెల్లియుండెడిది కాదు. అతడు మోసము చేయలేదు. అతని కష్టము నిజమైనదే. అయినను దారి దారియే.

పందెమాడువాడు నియమముచొప్పున ఆడనిదే కిరీటము లేదని పౌలు తిమోతికి వ్రాసినప్పుడు (2 తిమోతి 2:5) ఈ సంగతినే చెప్పెను. బిడ్డ పెండ్లి కట్నమునకు సంఘపు పొదుపు సొమ్మును, మరల పెట్టెదనని, తీసికొనినవాడు ఇల్లు నిలబెట్టుకొననే చూచెను. వాని గురి మంచిదే. అన్యాయముగా వ్రాసిన కాగితముతో పేదవాని పొలము వచ్చినను, దానిలో పండిన మొదటి బస్తాను కానుకగా తెచ్చువాడును గేటువైపునకే వచ్చుచున్నాడు. గురి మంచిదైనంతమాత్రమున దారి మంచిదగునా? మన ప్రభువు తానే మార్గమని చెప్పెను (యోహాను 14:6). ఆయన సిలువను తప్పించుకొని మహిమకు పోవు దారి అపవాది ఆయనకు కొండమీద చూపినప్పుడు ఆయన దానిని త్రోసివేసెను (మత్తయి 4:8–10). మనకు అడ్డదారి ఎట్లు దొరకును?

5. శంఖము ఊదబడకమునుపు

ఆ పరుగు ఏ గడియను మొదలగునో ముందుగా ఎవరికిని చెప్పరు. పరుగెత్తువారు గుడారములలో వేచియుందురు. ఏ అర్ధరాత్రియో, ఏ తెల్లవారుజామునో శంఖము ఊదబడును. అప్పటినుండి ఒక గంట. ఆ గంటలో బూట్లు వెదకికొనువాడు, దీపమునకు బ్యాటరీలు అడుగువాడు ఏమగును? పదిమంది కన్యకల ఉపమానమును తలంచుకొనుడి (మత్తయి 25:1–13). నూనె కొనుటకు అంగడికి పోయినవారు చెడ్డవారని ప్రభువు చెప్పలేదు, సిద్ధపడనివారని చెప్పెను.

అయితే సిద్ధపడినవారు కూడ కొన్నిసార్లు ఓడిపోవుదురు. ఓడిపోయినవారు మరల సిద్ధపడవచ్చునా? జాస్మిన్ పారిస్ అను బ్రిటన్ దేశపు స్త్రీ పశువైద్యురాలు, ఇద్దరు బిడ్డల తల్లి. ఆమె 2022లో వచ్చెను, ముగింపలేకపోయెను. 2023లో వచ్చెను; ముగింపలేకపోయెను. అప్పటివరకు ఏ స్త్రీయు ఐదు చుట్లు ముగింపలేదు. ఇది స్త్రీలవలన కాదని అనుకొనువారును ఉండిరి. 2024లో ఆమె మూడవసారి వచ్చెను. మార్చి 22న, 59 గంటల 58 నిమిషముల 21 సెకండ్లకు గేటును ముట్టెను. ఇంక మిగిలియున్నది 99 సెకండ్లు. ముట్టిన వెంటనే నేలపై కూలబడి శ్వాసకొరకు పెనుగులాడెను.

ఆమె దేవునికొరకు పరుగెత్తెనని నేను చెప్పుట లేదు. వాడిపోవు కిరీటము కూడ లేనిదానికొరకు మనుష్యులు ఇంత ఓర్చుకొనుచుండగా, నిత్యజీవమునకు పిలువబడిన మనము ఒక ఓటమికే కూలబడవలెనా? త్రాగుడు మానెదనని పోయిన క్రిస్మసునాడు ప్రమాణము చేసి సంక్రాంతికే తప్పినవాడా, రెండవసారి సిద్ధపడుము, మూడవసారియు సిద్ధపడుము. నీతిమంతుడు ఏడుమారులు పడినను లేచునని సామెతల గ్రంథము (24:16) సాక్ష్యమిచ్చుచున్నది. పడనివాడని అది చెప్పలేదు, లేచువాడని చెప్పినది.

6. కడపటి చుట్టు

ఆ పరుగులో మొదటి నాలుగు చుట్లు తోడు కలిసి పోవచ్చును. దారి తెలిసినవాని వెంబడి క్రొత్తవాడు పోవును. ఒకడు పటము చూచుచుండగా మరియొకడు దీపము పట్టును. ఐదవ చుట్టునకు మాత్రము ఒకనిని ఒక దిక్కునకు, తరువాతివానిని ఎదురు దిక్కునకు పంపుదురు. నిద్రలేని మూడవ దినమున, బుద్ధి మసకబారిన సమయమున, ఎవరికి వారే అడవిలోనికి పోవలెను.

గలతీ పత్రిక ఆరవ అధ్యాయములో పౌలు ఒకచోట ఒకరి భారములను ఒకరు మోయుడని చెప్పి, మూడు వచనములు దాటకమునుపే ఎవడి బరువు వాడు మోసికొనవలెనని చెప్పెను (6:2, 5). ఇది విరుద్ధము కాదు. కలిసి నడువదగిన చుట్లు కొన్ని. ఒంటరిగా పోవలసిన చుట్టు ఒకటి. పెద్దలారా, ముసలితనమందు మీ తోటివారు ఒక్కొక్కరుగా వెళ్లిపోగా మీరు ఆ చుట్టులోనికి వచ్చియున్నారు. చెయ్యి పట్టుకొని కూర్చుండిన కొడుకు కూడ చివరి అడుగు మీతో వేయలేడు. అయితే చీకటి లోయలో తనకు తోడుగానున్న కాపరిని దావీదు ఎరిగియుండెను (కీర్తన 23:4). ఆ చుట్టును మనకంటె ముందు ఒంటరిగా తిరిగినవాడు ఒకడున్నాడు. గెత్సేమనేలో శిష్యులు నిద్రపోయిరి. తరువాత అందరు విడిచి పారిపోయిరి. ఆయన ఒక్కడే కల్వరికి ఎక్కెను. ఆయన ఆ దారిని ఎరుగును గనుక నీవు ఒంటరివి కావు. మీరు యౌవనస్థులు, మధ్యవయస్కులునైనచో, తోడు దొరకు చుట్లలోనే ఒకరినొకరు విడువకుడి. కూడిక మానివేసినవాని ఇంటికి ఈ వారమే పోవుడి.

7. పరుగెత్తివచ్చిన తండ్రి

ఎవడైనను ఇక పరుగెత్తలేక గుడారములకు తిరిగివచ్చినప్పుడు అక్కడ ఒకడు బూర ఊదును. సైనికుల సమాధులయొద్ద ఊదు రాగమును ఊదును. నీ పరుగు ముగిసినదని దాని అర్థము. తరువాత వానికి తిండి పెట్టి, నిప్పుదగ్గర కూర్చుండబెట్టుదురు.

మన సంఘములలో బూర ఊదుట మనకు బాగుగా తెలియును. ఫలానివాని కూతురు వెళ్లిపోయినదట, ఫలానివాడు మరల త్రాగుచున్నాడట అని బావినొద్దను, టీకొట్టునొద్దను ఊదుచునే ఉందుము. నిప్పుదగ్గర కూర్చుండబెట్టి తిండిపెట్టుట మాత్రము మరచిపోవుచున్నాము. పేతురు మూడుమారులు ఎరుగనని బొంకినతరువాత, తిబెరియ సముద్రతీరమున ప్రభువు నిప్పు రగిలించి, చేపలు కాల్చి, ముందు భోజనము పెట్టెను. తరువాతనే ప్రశ్న అడిగెను (యోహాను 21:9–17).

గేటునొద్ద కాలము లెక్కపెట్టుచు నిలిచినవాడు ఎంత జాలిగలవాడైనను గేటు విడిచి కొండలోనికి ఎదురుపోడు. అతని పని అది కాదు. లూకా పదునైదవ అధ్యాయములోని తండ్రి అట్టివాడు కాడు. కొడుకు ఇంకను దూరమున దుమ్ములో నడచి వచ్చుచుండగనే ఆయన కనుగొనెను. ఆ దేశములలో వయస్సు మీరిన గృహయజమానుడు అంగీ ఎత్తిపట్టుకొని పరుగెత్తుట చిన్నతనముగా ఎంచుదురు. ఆయన ఆ చిన్నతనము పడెను. కొడుకు చేతిలో ఒక్క పుటయు లేదు. దారి తప్పెను, కాలము పోగొట్టెను, ఆస్తి పోగొట్టెను. అయినను మొగము ఇంటివైపునకు త్రిప్పెను. నడచుచున్న కొడుకును చేరుటకు పరుగెత్తినది తండ్రి.

ఇది విని, ఇక పుటలెందుకు, దారియెందుకు, పడియుందము అని ఎవడును అనుకొనకూడదు. పందుల చేనిలో కూర్చుండినవానికి ఆ పరుగు కనబడలేదు. లేచి బయలుదేరినవానికి కనబడినది. తలుపు మూయబడు గడియ ఒకటి నిజముగా ఉన్నది. అది ఆరు సెకండ్ల దూరముననో, అరువది సంవత్సరముల దూరముననో మనకు తెలియదు. సిలువమీది దొంగకు గంటలు మాత్రమే మిగిలియుండెను. ఆ గంటలలో ఆయన వైపు మొగము త్రిప్పెను, చేర్చుకొనబడెను (లూకా 23:39–43). అంత్యగడియలో వచ్చినవాడు త్రోసివేయబడలేదు. రేపు చూతమని ప్రక్కనుండినవానికి ఆ రేపు దొరకలేదు.

యూదుల పస్కాపండుగ యవలు కంకివేయు వసంతమాసమున వచ్చును. ఆ దినములలోనే, ఆదివారపు వేకువను, ఇద్దరు మనుష్యులు యెరూషలేము వెలుపలనున్న తోటకు పరుగెత్తిరి. యోహాను వేగముగలవాడు, ముందు సమాధియొద్దకు వచ్చెను గాని వెలుపల నిలిచెను. పేతురు వెనుకపడెను. మూడు దినముల క్రిందట కోడి కూసిన రాత్రి భారముగా ఏడ్చినవాడు ఆయాసపడుచు వెనుక వచ్చెను. వచ్చి మొదట లోపలికి పోయెను (యోహాను 20:3–8). సమాధి ఖాళీగా ఉండెను. ముందు వచ్చినవాడును వెనుక వచ్చినవాడును చూచినది ఒక్క మహిమనే.

కాబట్టి ప్రియులారా, ఈ శ్రమదినములలో నీ పటమును నీవే వ్రాసికొనుము: దినమునకు ఒక అధ్యాయమైనను చదువుము, చదువలేనిచో బిడ్డచేత చదివించుకొని వినుము. దేవుడు ఈ వారము నీకు ఉంచిన ఒక్క పుట ఏదో అడిగి తెలిసికొని, అది ముళ్లపొదలో ఉన్నను పోయి తెచ్చుకొనుము. అడ్డదారిన పట్టిన సొమ్ము ఉన్నచో పండుగలోపల తిరిగి ఇచ్చివేయుము. ఆగిపోయిన ఒకనిని నిప్పుదగ్గరకు పిలిచి అన్నము పెట్టుము. వెనుకపడితివని సిగ్గుపడకుము. ఈస్టరు వేకువను మన వీధులలో దీపములతో పాడుకొనుచు తిరుగునప్పుడు, ముందు నడచువారును, కఱ్ఱ ఊతగా వెనుక వచ్చువారును ఖాళీ సమాధివైపునకే పోవుచుందురు గాక.

ప్రార్థన: ప్రభువా, నీవు మాకు ముందుగా సిలువ దారిని కడవరకు నడచితివి. పారిపోవుచున్న మా కాళ్లను నీవైపునకు త్రిప్పుము. మా వంతు మేము విడువకుండ చేయుము. పడినవారిని లేపుము, లేవలేనివారియొద్దకు నీవే రమ్ము. నీ నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.